పాడె, బియర్, సవారి: మాటల బంధుత్వము

మానవుని చివరి ప్రయాణానికి కావలసిన సామగ్రి అనేక దేశాలలో ఒక్కటే. దేహాన్ని పరుండబెట్టడానికి ఒక చట్రము, దానిని మోయడానికి నలుగురు మనుష్యులు. తెలుగునాట ఈ చట్రాన్ని పాడె అంటారు. రెండు పొడవైన వెదురుబొంగులను పక్కపక్కన పరచి, వాటికి అడ్డుగా కర్రలు కట్టి, పైన గడ్డి పరచడం దీనిని తయారుచేసే పద్ధతి. ఏడు కట్లతో బిగిస్తారు కనుక దీనికి ‘ఏడుకట్ల సవారి’ అనే పేరు కూడా ఉన్నది. ఆంగ్లేయులు ఇటువంటి వస్తువునే ‘బియర్’ అన్నారు. మొదట అది మోసుకొనిపోయే చట్రమే. తరువాత శవపేటికను పూడ్చడానికి ముందు ఉంచే పీఠానికి కూడా ఆ పేరే వచ్చింది.

వస్తువు ఒక్కటి, మాటలు మూడు: పాడె, బియర్, సవారి. వీటిలో ఏ రెండింటికి చుట్టరికం ఉన్నది? చూడగానే తోచే సమాధానం ఒకటి, భాషాశాస్త్రము ఇచ్చే సమాధానం మరొకటి. మొక్కలను, జంతువులను కుటుంబాలుగా విభజించడానికి శాస్త్రజ్ఞులకు నియమాలు ఉన్నట్లే, మాటలను కుటుంబాలుగా విభజించడానికి కూడా నియమాలు ఉన్నవి. ఆ నియమాలు ఎట్లా పనిచేస్తవో ఈ మూడు మాటల చరిత్ర చక్కగా చూపుతుంది.

బియర్ పుట్టుక

సుమారు 1150కి పూర్వపు ఆంగ్లభాషను ప్రాచీనాంగ్లము అంటారు. ఆ భాషలో పాడెకు ‘బ్యార్’ అని పేరు. ‘మోయుట’ అనే అర్థం గల ‘బెరన్’ అనే ధాతువుకు సంబంధించిన మాట ఇది. అనగా బియర్ అంటే ‘మోసేది’ అని అర్థం. అందులో చావును సూచించేది ఏదీ లేదు. అదే ధాతువు నేటి ఆంగ్లంలో ‘బేర్’ అనే క్రియగా నిలిచి ఉన్నది. బరువు అనే అర్థం గల ‘బర్డెన్’, మట్టి మోసే ఒంటిచక్రపు బండి ‘వీల్‌బారో’లోని ‘బారో’ కూడా ఈ ఇంటివే. జర్మన్ భాషలో పాడెను నేటికీ ‘బారె’ అంటారు.

మధ్యయుగంలో ఈ మాటను ‘బెరె’ అని వ్రాసేవారు. సుమారు 1600 ప్రాంతంలో ఫ్రెంచివారి ‘బియేర్’ను చూచి ఆంగ్లేయులు వర్ణక్రమాన్ని మార్చుకొన్నారు. విచిత్రమేమంటే, ఆ ఫ్రెంచి మాట కూడా పూర్వం జర్మానిక్ తెగ అయిన ఫ్రాంకుల భాషనుండి వెళ్ళినదే. ఇంటి వస్తువు పొరుగింటికి పోయి కొత్త రంగు వేసికొని తిరిగి వచ్చినట్లయినది.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించవలెను. ఉచ్చారణలో ఈ బియర్‌కు, త్రాగే బీరుకు ఆంగ్లంలో భేదం లేదు. అయినా ఈ రెండింటికి ఏ సంబంధమూ లేదు. చెవికి ఒకటిగా వినిపించినంత మాత్రాన మాటలు బంధువులు కావు.

‘భ’కు ప్రతిగా ‘బ’

1786లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్స్ ఒక ఉపన్యాసంలో సంస్కృతము, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలంనుండి పుట్టి ఉండవలెనని సూచించాడు. ఆ సూచనకు నియమబద్ధమైన రుజువు తరువాతి తరంలో దొరికింది. డెన్మార్కు పండితుడు రాస్క్ 1818లోను, జర్మన్ పండితుడు యాకబ్ గ్రిమ్ 1822లోను ఈ భాషల హల్లులు ఒకదానికి ఒకటి క్రమం తప్పకుండా బదులు వస్తున్నవని చూపించారు. ఈ క్రమానికే ‘గ్రిమ్ సూత్రము’ అని పేరు.

ఉదాహరణకు సంస్కృతంలో పదాదిని ‘భ’ ఉన్నచోట గ్రీకులో ‘ఫ’కారము, లాటిన్‌లో ‘ఫ్’ ధ్వని, ఆంగ్లంలో ‘బ’ వస్తాయి. ‘మోస్తున్నాను’ అనడానికి సంస్కృతంలో ‘భరామి’, గ్రీకులో ‘ఫేరో’, లాటిన్‌లో ‘ఫెరో’, ప్రాచీనాంగ్లంలో ‘బెరె’ అంటారు. సోదరునికి సంస్కృతంలో ‘భ్రాతృ’, లాటిన్‌లో ‘ఫ్రాతెర్’, ఆంగ్లంలో ‘బ్రదర్’. కనుబొమకు సంస్కృతంలో ‘భ్రూ’, ఆంగ్లంలో ‘బ్రౌ’. ఒక్క మాటలో ఇట్లా జరిగితే కాకతాళీయమనుకోవచ్చును. మాట తరువాత మాటలో అదే వరుస కనబడినప్పుడు అది నియమమే.

కాబట్టి బియర్‌కు సంస్కృతంలోని తోబుట్టువు ‘భారము’. భరించుట, ఆభరణము, సంభారములు, భర్త, భృత్యుడు మొదలైనవన్నీ ఈ ‘భృ’ ధాతువునుండి పుట్టినవే. శరీరం మోసేది ఆభరణము. కుటుంబాన్ని మోసేవాడు భర్త. మృతదేహాన్ని మోసేది బియర్.

శాస్త్రపాఠాలలోను ఈ కుటుంబం తరచు కనబడుతుంది. ‘ఫాస్ఫరస్’ అంటే గ్రీకులో ‘వెలుగును మోసేది’ అని అర్థం. శంకువులను మోసే చెట్లు ‘కోనిఫర్లు’. నీటిని తనలో మోసే భూపొర ‘ఆక్విఫర్’. ఉద్యోగులందరూ ఎరిగిన ‘ట్రాన్స్‌ఫర్’ అనే మాటకు ‘ఆవలికి మోయుట’ అని మూలార్థము. వీటి అన్నిటి మధ్య గల చుట్టరికాన్ని ఒకసారి చెప్పితే విద్యార్థులు ఈ పదాలను బట్టీ పట్టవలసిన పని ఉండదు.

పాడె ఏ కుటుంబానిది?

ఇక మన పాడె సంగతి. పాడె, బియర్ రెండూ పెదవులతో పలికే హల్లుతోనే మొదలవుతున్నవి, అర్థము ఒక్కటే. ఇంతమాత్రం చూచి ఇవి బంధువులని కొందరికి తోచవచ్చును. గ్రిమ్ సూత్రంతో పరీక్షిద్దాము. సంస్కృతంలో పదాదిని ‘ప’ ఉన్నచోట ఆంగ్లంలో ‘ఫ్’ ధ్వని రావలెను. పితృ–ఫాదర్, పాద–ఫుట్ ఇందుకు ఉదాహరణలు. పాడె ఆ కుటుంబానికి చెందినదే అయితే దాని ఆంగ్ల బంధువు ‘ఫ్’తో మొదలు కావలెను గాని ‘బ’తో కాదు. పరీక్షలో ఈ ఊహ నిలువలేదు.

పాడెకు బంధువులను వెదకడానికి అంత దూరం పోనక్కరలేదు. గూడూరు జంక్షనులో రైలెక్కి దక్షిణంగా సుమారు 140 కిలోమీటర్లు పోతే చెన్నపట్టణము. అక్కడి తమిళులు పాడెను ‘పాడై’ అంటారు. ఇది కేవలం పోలిక మాత్రమేనా, లేక నియమమా? తమిళంలో ‘కట్టై’ అనేది తెలుగులో ‘కట్టె’. తమిళంలో ‘తిణ్ణై’ అనేది తెలుగులో ‘తిన్నె’. అట్లే ‘పాడై’కి ‘పాడె’. తమిళంలో పదాంతాన ఉన్న ‘ఐ’కారానికి ఈ మాటలలో తెలుగు ‘ఎ’కారము వరుసగా బదులు వస్తున్నది. ‘తలై’కి ‘తల’, ‘మాలై’కి ‘మాల’ అన్నట్లు మరికొన్ని మాటలలో ‘అ’కారము వచ్చింది. హల్లులు మాత్రం చాలవరకు చెక్కుచెదరలేదు.

తెలుగు, తమిళము, కన్నడము ఒక ప్రత్యేక కుటుంబానికి చెందినవని, అవి సంస్కృతంనుండి పుట్టినవి కావని 1816లోనే మద్రాసు కలెక్టరు ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ నిరూపించాడు. కేంబెల్ రచించిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన పీఠికలో ఆయన ఈ విషయం వివరించాడు. 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రకటించాడు. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వెలువడింది. తెలుగు క్రియాధాతువులపై భద్రిరాజు కృష్ణమూర్తి గ్రంథం వెలువడినది కూడా ఆ సంవత్సరమే.

అయితే ఒకే కుటుంబంలోని భాషలన్నీ ఒకే మాట వాడవలెనన్న నియమం లేదు. కన్నడంలో పాడెను ‘చట్ట’ అంటారు. ‘పాడైపోయిన దేహాన్ని మోసేది కనుక పాడె’ అని ఎవరైనా వ్యుత్పత్తి చెప్పితే వినడానికి బాగానే ఉంటుంది. కాని సోదరభాషల సాక్ష్యం లేనిదే అటువంటి వ్యుత్పత్తిని అంగీకరించరాదు.

అర్థము ఎందుకు చాలదు?

మాటల చుట్టరికానికి ధ్వనినియమాలను ఇంతగా ఎందుకు పట్టుకోవలెను? అర్థము ఒక్కటైతే చాలదా? చాలదు. ధ్వనులు మారేటప్పుడు ఒక క్రమంలో మారుతవి. అర్థాలు మారేటప్పుడు ఏ దారిని పోతవో ముందుగా చెప్పలేము. శవాన్ని తీసుకొనిపోయే బండికి ఆంగ్లంలో ఉన్న ‘హర్స్’ అనే పేరు దీనికి మంచి ఉదాహరణ.

ప్రాచీన ఇటలీలో ఆస్కన్ అనే భాష ఉండేది. అందులో ‘హిర్పుస్’ అంటే తోడేలు. దుక్కి దున్నిన నేలలో పెడ్డలను చిదిపే పళ్ళగొర్రును లాటిన్‌లో ‘హిర్పెక్స్’ అన్నారు. దాని పళ్ళు తోడేలు కోరలవలె ఉండటమే ఈ పేరుకు కారణమని వ్యుత్పత్తికారులు చెప్పుతారు. ఫ్రెంచిలో అది ‘హెర్స్’ అయినది. మధ్యయుగపు క్రైస్తవాలయాలలో కొవ్వొత్తులు గుచ్చి నిలిపే చట్రము పళ్ళగొర్రును పోలి ఉండేది; దానికి ఆ పేరే పెట్టారు. తరువాత శవపేటికపైన దీపాలతో నిలిపే చట్రము ‘హర్స్’ అయినది. 17వ శతాబ్దానికి ఆ పేరు శవాన్ని తీసుకొనిపోయే బండికి, ఆ తరువాత మోటారు వాహనానికి వచ్చింది.

నాటకాలాడేవారి ‘రిహార్సల్’ కూడా ఈ గొర్రునుండి వచ్చినదే. ఫ్రెంచిలో దాని మూలార్థం ‘మరల గొర్రు తోలుట’. ఒకసారి తోలిన సాలులోనే మళ్ళీ తోలినట్లు, చెప్పిన మాటలనే మళ్ళీ చెప్పడం రిహార్సల్. తోడేలు, గొర్రు, శవవాహనము, నాటకాభ్యాసము: అర్థాన్ని మాత్రమే చూచేవారు వీటిని ఏనాటికీ ఒక చోట చేర్చలేరు.

సవారిలో దాగిన చుట్టము

ఇప్పుడు మూడవ మాటకు వద్దాము. ‘ఏడుకట్ల సవారి’లోని సవారి పారసీక పదము. 18వ శతాబ్దంలో నెల్లూరుసీమ ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండి, 1801లో కంపెనీవారి వశమయినది. గూడూరు ఆ సీమలోనిదే. తెలుగుదేశంలో ముసల్మాను ప్రభువుల కాలంలో జిల్లా, తాలూకా, కచేరి వంటి అనేకమైన మాటలు తెలుగులో ప్రవేశించినవి. సవారి అంటే మొదట గుర్రపుస్వారి. తరువాత పల్లకికి కూడా ఆ పేరు వచ్చింది. పల్లకిని పోలి, మనుష్యుల భుజాలమీద సాగిపోయే పాడెకు చమత్కారంగా ఆ పేరే అమరింది.

పారసీకంలో ‘సవార్’ అంటే రౌతు. దీని ప్రాచీనరూపం ‘అసబార’. క్రీ. పూ. 522 మొదలు 486 వరకు పాలించిన పారసీక చక్రవర్తి దారియస్, నక్ష్-ఎ-రుస్తంలోని తన సమాధి శాసనంలో తాను మంచి రౌతునని చెప్పుకొంటూ వాడిన మాట ఇదే. ఇందులో రెండు భాగాలున్నవి. ‘అస’ అంటే గుర్రము. సంస్కృతంలోని ‘అశ్వ’మునకు సోదరి. ‘బార’ అంటే ‘మోయబడినవాడు’. సంస్కృతంలో ‘భ’ ఉన్నచోట పారసీకంలో ‘బ’ వస్తుంది; ‘భ్రాతృ’కు అక్కడ ‘బరాదర్’. కాబట్టి ఈ ‘బార’ సంస్కృతంలోని ‘భార’మే, ఆంగ్లంలోని ‘బియర్’కు చుట్టమే. అసబార క్రమంగా ‘అస్వార్’ అయి, ‘సవార్’గా మారేసరికి అందులోని బకారము వకారంలో కలిసిపోయినది.

మొదట వేసిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానం దొరికింది. బియర్‌కు అర్థంలో సరితూగే పాడె దాని బంధువు కాదు. అక్షరాలలో ఏ పోలికా లేని సవారి దాని బంధువు. తెలుగువారు సంస్కృతంనుండి భారాన్ని, పారసీకంనుండి సవారిని అరువు తెచ్చుకొన్నారు. పాడె మాత్రం మన ద్రావిడ కుటుంబపు సొంత సొమ్ము.

ఒక భాషనుండే లోకంలోని భాషలన్నీ పుట్టినవని నిరూపించడానికి, పోలికగల మాటల పట్టికలు తయారుచేసే ఉత్సాహవంతులు అన్ని కాలాలలోను ఉంటారు. అటువంటి పట్టిక ఎదురైనప్పుడు ఉపాధ్యాయులు విద్యార్థులచేత మూడు ప్రశ్నలు వేయించవలెను. ఈ హల్లుకు ఆ హల్లు మరికొన్ని మాటలలోను బదులు వస్తున్నదా? ఈ మాటకు వెనుకటి రూపము ఏది? ఇది పుట్టుకతో వచ్చినదా, అరువు తెచ్చుకొన్నదా? తమిళనాడు సరిహద్దుకు చేరువలో ఉన్న గూడూరు, సూళ్ళూరుపేట, సత్యవేడు ప్రాంతాల విద్యార్థులకు ఈ పరీక్షకు కావలసిన సామగ్రి ఇంటి ముంగిట్లోనే ఉన్నది. కట్టె, తిన్నె, పాడె వంటి ఇంటిమాటలను ఒక వరుసలోను, వాటి తమిళరూపాలను మరొక వరుసలోను వ్రాసి పోల్చి చూస్తే చాలును. ఎల్లిస్ రెండు శతాబ్దాల క్రితం ఉపయోగించిన పద్ధతి ఇదే.