ఇంటిలోని కానరాని గాలి



ఇల్లు శుభ్రముగా నుంచుటయనగా ఊడ్చుట, అలుకుట, కడుగుట యనియే మనము తలంతుము. కంటికి కనబడు దుమ్మును చీపురుతో నెట్టివేయుదుము. ముక్కునకు తగులు దుర్గంధమునకు సాంబ్రాణి వేయుదుము. కాని కంటికిని, ముక్కునకును, నాలుకకును అందని దొకటి మన పడకటింట చేరి యుండవచ్చునని చాలమంది యెరుగరు. దాని పేరు రేడాన్. అది యొక వాయువు. దానిని గూర్చి మాకు తెలిసినంత విన్నవింపదలచితిమి.

ఈ యాలోచన మాకు కలుగుటకు కారణ మొక చిన్న గృహవివాదము. నిరుడు చలికాలమున మా యాడుబిడ్డ పురిటికి మోత్కూరు వచ్చినది. మా యత్తగారు పూర్వాచారము ననుసరించి లోపలి యర్రలో మంచము వేయించి, కిటికీ బిగించి, సందులలో గుడ్డలు కుక్కించిరి. బాలింతకు గాలి సోకరాదని వారి పట్టుదల. ఆ యర్ర మా యింట నన్నిటికంటె పాతది. నేలబండలు కదలి, గోడల మొదట పగుళ్లు విచ్చియున్నవి. మావారు పాఠశాలలో పిల్లలకు చెప్పుటకై రేడాన్ విషయము చదువుచు, అంతకు కొలదిదినముల క్రిందటనే మాకును వినిపించియుండిరి. "అత్తమ్మా, పగటిపూటనైన కిటికీ తీయుదము" అంటిమి. "నలుగురిని కన్నదాన్ని, నాకు తెల్వదా? కండ్లకు కానరాని గాలికి భయమేందమ్మా?" అని వారు కోపించిరి.

ఆ కానరాని గాలి యెచ్చటినుండి వచ్చును? మనది రాతినేల. భువనగిరి కోట నిలిచిన ఏకశిల మొదలు మా పొలములలోని గుండ్లవరకు గ్రానైటు జాతి రాళ్లే. గ్రానైటులో యురేనియమను లోహము అనేక శిలలలోకంటె నొకింత హెచ్చుగా నుండుట సాధారణము. అది కోట్లకొలది సంవత్సరములు మెల్లమెల్లగా విచ్ఛిన్నమగుచు, కొన్ని తరములకు రేడియమగును. రేడియమునకు పుట్టిన బిడ్డ రేడాన్. తల్లియు తాతయు రాతిలోనే కదలక యుండగా, ఇది మాత్రము వాయువగుటచే మంటి సందులలోనుండి పైకి వచ్చును.

నల్లగొండ సీమలో, నాగార్జునసాగరమునకు సమీపమున, లంబాపురము, పెద్దగట్టు గ్రామములకడ యురేనియపు ఖనిజము కలదని కనుగొనిరి. అచ్చట గని త్రవ్వుటను గూర్చి 2003లో బహిరంగసభ జరుపగా ప్రజలు గట్టిగా నెదిరించిరి. ఆ చోటు మా యూరికి దూరము. అచ్చట ఖనిజమున్నంతమాత్రమున మన నేలక్రిందను అంత యున్నదని బెదరనక్కరలేదు. అయినను రేడాన్ పుట్టుటకు గనియే కావలయునని లేదు. సాధారణమైన రాయియు మన్నును చాలును.

ఆరుబయట వెలువడిన రేడాన్ గాలిలో కలసి పలుచనైపోవును. ఇంటిక్రింద పుట్టినది నేలపగుళ్ల ద్వారమున, గొట్టములచుట్టు నున్న సందుల ద్వారమున లోనికి వచ్చి, తలుపులు మూసియున్నచో నిలిచిపోవును. అది సుమారు 3.8 దినములలో సగము విచ్ఛిన్నమై, పొలోనియము మొదలగు ఘనకణములను పుట్టించును. ఈ కణములు ధూళి నంటుకొని, ఊపిరితో లోని కరిగి, ఊపిరితిత్తుల మెత్తని పొరలను గాయపరచును. ఇట్లు ఏండ్లతరబడి జరిగినచో రాచపుండు, అనగా క్యాన్సరు, కలుగవచ్చును. పొగత్రాగనివారికిని ఈ భయము కలదు. బీడీ, చుట్ట త్రాగువారికి రేడాన్‌వలని ప్రమాదము 25 రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అంచనా.

ఇంటిలో నిది యున్నదని లోకమునకు తెలిపిన కథ యొకటి కలదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రస్ అను నతడు అణువిద్యుత్కేంద్రమున పనిచేయుచుండెను. 1984లో అచ్చటి పరీక్షాయంత్రము అతనిని చూచి మోగసాగెను. లోపల పనిచేసి వచ్చునపుడు మాత్రమే కాదు, ఇంటినుండి లోనికి వచ్చునపుడును మోగెను! విచారింపగా దోషము కేంద్రములో లేదు. అతని యింటిగాలిలో రేడాన్ మిక్కుటముగా నుండెను.

దీని నెట్లు కనుగొనుట? ముక్కును నమ్మరాదు, కొలతయే ప్రమాణము. చిన్న గిన్నెవంటి దానిలో నొక ఫిలిము తునక నమర్చి, పడకటింట, కిటికీకి దూరముగా, మూడు నెలలు వ్రేలాడదీయుదురు. రేడాన్ కణములు తాకినచోట నెల్ల దానిపై సూక్ష్మమైన గీట్లు పడును. వానిని లెక్కించి మోతాదు చెప్పుదురు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞు లిట్టి ఫిలిములతో నల్లగొండ ప్రాంతపు ఇండ్లలో కొలతలు తీసియున్నారు. కొలతకు మానము బెకరెల్. ఘనమీటరు గాలిలో 100 బెకరెల్‌లకు మించనీయరాదనియు, అది సాధ్యము కానిచోట 300 దాటరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించినది.

ఇక నివారణోపాయములు. మొదటిది వెచ్చములేనిది: ఉదయమును సాయంకాలమును ఎదురెదురు కిటికీలు తీసి గాలి యాడనిండు. చలికాలమునను, ఏసీ పెట్టుకొని మూసికొన్న గదులలోను దీని యవసరము హెచ్చు. రెండవది, నేలకును గోడకును నడుమ పగుళ్లను, గొట్టములు దూరిన రంధ్రములను సిమెంటుతో పూడ్పించుడు. కాని పూడ్చితిమిగదా యని కిటికీలు మూయరాదు. మూడవది, బోరునీటిలోను రేడాన్ కరగియుండవచ్చును; స్నానపుగది కిటికీ తెరచియుంచుడు. నాలుగవది, క్రొత్త యిల్లు కట్టువారు నేలక్రింద కంకర పరచి, అందుండి గొట్టమొకటి కప్పు దాటి పైకి పోవునట్లు మేస్త్రీకి చెప్పుడు. కొలత మిక్కిలి హెచ్చుగా వచ్చినచో ఆ గొట్టమునకు చిన్న ఫ్యాను తగిలించిన, క్రింది గాలి యింట చొరక మిన్నంటిపోవును.

మా గృహవివాద మేమైనదందురా? బాలింత యొక నెల యా యర్రలో నున్నంతనే కీడు మూడునని మేమనలేదు. మా చింత వేరు. మా యత్తగారు ముప్పది యేండ్లుగా ఆ యర్రలోనే పండుకొనుచున్నారు. ఆ మాటయే చెప్పి, "అత్తమ్మా, నీళ్లలోని ఫ్లోరైడు ఎవరికి కనబడినది?" అని యడిగితిమి. వారి పుట్టినిల్లు మర్రిగూడ ప్రాంతము. చిన్ననాట తమతో చెమ్మచెక్క లాడిన పినతల్లికూతురు నలుబదియేండ్లకే నడుము వంగి, నేలచూపులతో బ్రదుకుట వారు కన్నులార చూచిరి. ఆ నీళ్లు తేటగానే యుండెడివి, తియ్యగానే యుండెడివి.

వారు మారుమాటాడలేదు. కొంతసేపటికి తామే లేచి, సందులలోని గుడ్డలు లాగివైచి, తూర్పుకిటికీ తెరచి, శిశువుపై శాలువ సవరించిరి. సంక్రాంతిలోపల బండలసందులు పూడ్పించితిమి. ఇప్పుడు మా యింట తెల్లవారుచునే ఆ కిటికీ తీయువారు మా యత్తగారే.