నరకం గురించి రోగి అడిగితే మాట దాటేయకండి



ఈ పేజీలో మామూలుగా షుగరు, బీపీ, టీబీ, గర్భిణీ స్త్రీల జాగ్రత్తలు వంటి విషయాలు రాస్తుంటాం. ఈసారి ఏ పరీక్షలోనూ బయటపడని ఒక బాధ గురించి రాస్తున్నాం. జబ్బు ముదిరిన వారిలో కొందరికి ఒక ప్రశ్న వస్తుంది: "నేను చనిపోతే నరకానికి పోతానా?" పగటిపూట చుట్టాలు మంచం చుట్టూ ఉన్నప్పుడు ఈ ప్రశ్న అడగరు. రాత్రి లైట్లు తగ్గించాక, డ్యూటీలో ఉన్న సిస్టరమ్మనో, పక్క మంచం దగ్గర తోడుగా ఉన్నవారినో మెల్లగా అడుగుతారు. అప్పుడు మనలో చాలామందిమి "ఛ, ఇప్పుడవన్నీ ఎందుకు, నీకేమీ కాదు" అని మాట మార్చేస్తాం. అలా చెప్పడంలో ప్రేమ ఉంది. కానీ రోగి భయం మాత్రం తగ్గదు. ఆ భయంతో అతడు ఒంటరిగా మిగిలిపోతాడు.

ఎందుకు మాట్లాడటం మానేశాం?

ఒకప్పుడు సంఘాల్లో నరకం గురించి గట్టిగానే ప్రసంగించేవారు. 1741 జూలై 8న అమెరికాలోని ఎన్‌ఫీల్డ్ అనే ఊరిలో జోనాథన్ ఎడ్వర్డ్స్ ఈ విషయం మీద ప్రసంగిస్తుంటే, విన్నవారి ఏడుపులు, కేకల మధ్య ఆయన ప్రసంగం ఆపవలసి వచ్చింది. తర్వాతి వందేళ్లలో గాలి మారింది. 1877లో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఫ్రెడరిక్ ఫారర్ అనే బోధకుడు, నరకం గురించి జనం చెప్పుకునే భయంకర వర్ణనలకు వాక్యాధారం లేదని ప్రసంగించాడు. దాని మీద పెద్ద వాదమే జరిగింది. ఆ తర్వాత చాలా సంఘాల్లో వాదం కూడా ఆగిపోయి, మౌనం మిగిలింది.

ఈ మౌనానికి కారణాలు లేకపోలేదు. పిల్లలను, బలహీనులను నరకం పేరు చెప్పి బెదిరించిన బోధలు మనలో కొందరు విన్నారు, అవి మనసుకు గాయం చేశాయి. వేరే విశ్వాసాల ఇరుగుపొరుగు వారితో కలిసి బ్రతుకుతూ వారిని నొప్పించకూడదని కొందరు అనుకుంటారు. ప్రేమగల దేవుడు అలా చేస్తాడా అనే ప్రశ్నకు జవాబు తెలియక మరికొందరు ఊరుకుంటారు. ఇవి తేలికైన కారణాలు కావు. అయితే బోధించడం మానేసినంత మాత్రాన మనసులో ఉన్న బొమ్మ చెరిగిపోదు. మన తెలుగువారికి నరకం అనగానే యమభటులు, సలసల కాగే నూనె, ముళ్ల గదలు కళ్ల ముందు ఆడతాయి. వాటిని పురాణ కాలక్షేపాల్లో విన్నాం, యమగోల, యమలీల వంటి సినిమాల్లో చూశాం. తరతరాలుగా క్రైస్తవులైన కుటుంబాల్లో కూడా జ్వరం తీవ్రమైన రాత్రి గుర్తుకు వచ్చేది ఆ బొమ్మలే. కాబట్టి వాక్యంలో నిజంగా ఏముందో తెలుసుకోవడం అవసరం.

వాక్యంలో ఉన్న మాటలు

తెలుగు బైబిలులో పాతాళం, మృతుల లోకం, నరకం అనే మాటలు కనిపిస్తాయి. ఇవన్నీ ఒకటి కావు. పాత నిబంధనలో ఉన్న హెబ్రీ మాట షెయోల్. అది మంచివారు, చెడ్డవారు అనే తేడా లేకుండా చనిపోయినవారందరూ చేరే చోటు. యోసేపు చనిపోయాడనుకుని ఏడ్చిన యాకోబు, తానూ అక్కడికే కొడుకు దగ్గరకు వెళతానన్నాడు. యాకోబు తాను శిక్షకు వెళుతున్నానని చెప్పలేదు కదా. కొత్త నిబంధనలో దానికి సమానమైన గ్రీకు మాట హేడెస్.

నరకం అని మనం చదివే మాట గెహెన్నా. అది యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ పేరు. ఆహాజు, మనష్షే అనే రాజులు తమ సొంత బిడ్డలను అగ్నిలో అర్పించిన లోయ అది. తర్వాత యోషీయా రాజు ఆ స్థలాన్ని అపవిత్రపరచి ఆ దుర్మార్గాన్ని ఆపించాడు. అది పట్టణపు చెత్త తగలబెట్టే చోటని ప్రసంగాల్లో వింటుంటాం. కానీ ఆ వివరం కనిపించేది క్రీస్తు తర్వాత సుమారు 1200 ప్రాంతంలో దావీదు కింహీ అనే యూదు పండితుడు రాసిన వ్యాఖ్యానంలో. బైబిలు మాత్రం ఆ లోయను పసిబిడ్డల రక్తంతో గుర్తుపెట్టుకుంది. నిస్సహాయుల మీద జరిగిన అన్యాయానికి దేవుడు తీర్పు తీరుస్తాడన్నది ఆ పేరులోనే ఉంది.

గెహెన్నా అనే మాట కొత్త నిబంధనలో 12 సార్లు వస్తుంది. అందులో 11 సార్లు పలికింది యేసు ప్రభువే. మిగిలిన ఒక్కసారి యాకోబు పత్రికలో ఉంది. కాబట్టి నరకం అనేది తర్వాతి వారు కల్పించిన మాట అని తోసిపుచ్చలేం. ఎవరికంటే ఎక్కువగా మనలను ప్రేమించిన వాడే ఆ మాట చెప్పాడు.

ఆ హెచ్చరిక ఎవరికి?

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ మాటలు ఆయన ఎవరితో అన్నాడు? కొండమీద తన మాట వింటున్న శిష్యులతో అన్నాడు. భక్తిపరులమని పేరు పొందిన శాస్త్రులతో, పరిసయ్యులతో అన్నాడు. తన దగ్గరకు వచ్చిన కుష్ఠరోగితో గానీ, రక్తస్రావం గల స్త్రీతో గానీ, పక్షవాయువు గలవానితో గానీ ఈ మాట ఎత్తలేదు.

ఇంకా చూడండి. తీర్పు గురించి ఆయన చెప్పిన రెండు ముఖ్యమైన భాగాల్లో రోగి ఉన్నాడు. లూకా 16వ అధ్యాయంలో ధనవంతుడి వాకిట ఒంటినిండా కురుపులతో పడి ఉన్న లాజరు ఉన్నాడు. యాతనపడింది లాజరు కాదు, రోజూ అతణ్ణి దాటుకుని విందులు చేసుకున్న ధనవంతుడు. మత్తయి 25వ అధ్యాయంలో ఎడమవైపు నిలబడినవారి మీద మోపిన నేరాల్లో ఒకటి, రోగిని చూడటానికి రాలేదన్నది. ఈ రెండు చోట్లా రోగి ముద్దాయి కాడు. హెచ్చరిక అంతా ఆరోగ్యంగా ఉండి పట్టించుకోనివారికే.

మన అలవాటు దీనికి తలకిందులుగా ఉంది. మంచం మీద ఉన్నవాడు భయపడుతున్నాడు, మంచం చుట్టూ ఉన్నవారం నిశ్చింతగా ఉన్నాం. నరకం గురించి మౌనంగా ఉంటే రెండు నష్టాలు. రోగికి అక్కరలేని భయం తీరదు, మనకు అవసరమైన హెచ్చరిక అందదు. ముసలి తల్లిని ఆసుపత్రిలో చేర్చి వెళ్లి మళ్లీ రాని కొడుకు, హెచ్.ఐ.వి. ఉందని తెలిసి కోడలికి పళ్లెం వేరు చేసిన ఇల్లు, ఫీజు కట్టలేని రోగితో విసుక్కునే మా సిబ్బంది, అందరం ఆ హెచ్చరిక కిందకే వస్తాం.

జబ్బు పాపానికి శిక్ష అనుకునేవారికి కూడా ప్రభువు జవాబు చెప్పాడు. పుట్టుగ్రుడ్డివాడి విషయంలో ఇతడు గానీ ఇతని తల్లిదండ్రులు గానీ చేసిన పాపం కారణం కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావారికంటే ఎక్కువ పాపులు కారన్నాడు.

సంఘం ఏమి బోధిస్తుంది?

దేవుని తీర్పు నిజమని, మనిషి దేవుణ్ణి కాదనగలడని, ఆ కాదనడానికి ఫలితం ఉంటుందని చారిత్రక సంఘాలన్నీ ఒప్పుకుంటాయి. శిక్ష ఎలాంటిదన్న దగ్గర అభిప్రాయాలు వేరయ్యాయి. అది అంతులేనిదని అగస్టీను 5వ శతాబ్దంలో గట్టిగా వాదించాడు. ఎక్కువ సంఘాలు ఆ బోధనే అనుసరించాయి. చివరకు అందరూ దేవుని దగ్గరకు తిరిగి వస్తారన్న ఆశ ఓరిగెను బోధలో ఉంది, సంఘం దానిని 6వ శతాబ్దంలో తిరస్కరించింది. దుష్టులు నిత్యం యాతనపడరు, చివరకు నశించిపోతారు అనే అభిప్రాయాన్ని సువార్తిక బోధకుడు జాన్ స్టాట్ 1988లో ఆలోచించమని ముందుంచాడు. నరకం ఒక స్థలం అనడం కంటే దేవునికి తమంతట తామే శాశ్వతంగా దూరమైన వారి స్థితి అని పోపు రెండవ జాన్ పాల్ 1999 జూలైలో వివరించారు.

మీ సంఘం ఏ బోధలో ఉన్నా, ఫలాని మనిషి నరకానికి పోయాడని చెప్పే అధికారం మనలో ఎవరికీ లేదు. సిలువ మీద చివరి ఘడియలో ఉన్న దొంగ తనను జ్ఞాపకం చేసుకోమని మాత్రమే అడిగాడు. ప్రభువు ఆ రోజే అతణ్ణి తనతో చేర్చుకున్నాడు.

భయమే జబ్బు అయినప్పుడు

విలియం కూపర్ (1731-1800) ఇంగ్లాండులో పేరుపొందిన కవి, భక్తి గీతాల రచయిత. పాస్టరు జాన్ న్యూటన్‌తో కలిసి ఆయన రాసిన కీర్తనల పుస్తకం 1779లో వెలువడింది. అలాంటి భక్తుడికి తీవ్రమైన మానసిక వ్యాధి ఉండేది. 1773లో వచ్చిన ఒక కల తర్వాత దేవుడు తనను విడిచిపెట్టాడని, తాను నశించిపోయానని నమ్మాడు. మళ్లీ గుడికి వెళ్లలేదు. ఎన్ని వాక్యాలు చూపించినా ఆ నమ్మకం పోలేదు. న్యూటన్ ఆయనతో వాదించి ఊరుకోలేదు, ఏడాదికి పైగా తన ఇంట్లోనే ఉంచుకుని కాపాడాడు.

ఈనాడు అలాంటి బాధకు వైద్యం ఉంది. తీవ్రమైన డిప్రెషన్‌లో మనిషి లేని పాపాన్ని కూడా తన మీద వేసుకుంటాడు. ఓ.సి.డి. అనే జబ్బులో క్షమించరాని పాపం చేశానన్న తలంపు వద్దన్నా వస్తూనే ఉంటుంది. ఒప్పుకున్న పాపమే రోజుకు పదిసార్లు ఒప్పుకుంటారు. కాన్పు తర్వాత కొద్దిమంది తల్లులకు నిద్ర పట్టక, మతి చెదిరి, ఇలాంటి భయాలు రావచ్చు. ఇది అత్యవసర పరిస్థితి, వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. రోజూ సారా తాగేవారు హఠాత్తుగా మానేస్తే రెండు నుంచి నాలుగు రోజుల్లో వణుకు పుట్టి, మంటలు, పురుగులు, మనుషులు కనిపిస్తున్నారని కేకలు వేయవచ్చు. "వాడు నరకం చూశాడు" అని ఇంటివారు అనుకుంటారు. అది ప్రాణాపాయమైన జబ్బు. ప్రార్థన చేయండి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకురండి.

ఆత్మహత్య జరిగిన ఇళ్లవారికి

పురుగుమందు తాగి బిడ్డను పోగొట్టుకున్న తల్లికి "వాడు నరకానికే" అన్న మాట రెండోసారి చావు వంటిది. ఆత్మహత్య చేసుకున్న ప్రతివారూ నరకానికి పోతారని బైబిలులో ఎక్కడా లేదు. 1917 నాటి కథోలిక సంఘ చట్టం తెలిసి ప్రాణం తీసుకున్నవారికి సంఘ సమాధి కార్యాన్ని నిరాకరించింది. 1983 చట్టంలో ఆ నిషేధం లేదు. తీవ్రమైన మానసిక బాధ మనిషి బాధ్యతను తగ్గిస్తుందని, అలాంటివారి రక్షణ గురించి నిరాశ పడవద్దని 1992 నాటి సత్యోపదేశం చెబుతోంది. మన దేశంలో కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, వారికి చికిత్స అందించాలని చెబుతుంది.

ప్రాణం దేవుడిచ్చిన వరం, దానిని కాపాడుకోవాలి. చనిపోవాలనే తలంపు వస్తుంటే ఒంటరిగా ఉండకండి. టెలి మానస్ నంబరు 14416కు రాత్రైనా పగలైనా ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో పురుగుమందు ఉంటే తాళం వేసి పెట్టండి.

పడక పక్కన కూర్చునేవారికి

1. రోగి నరకం మాట ఎత్తితే కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చోండి. "నీకు ఏమని భయంగా ఉంది?" అని అడిగి, చెప్పింది పూర్తిగా వినండి.

2. చాలాసార్లు ఆ భయం వెనుక ఒక సంగతి ఉంటుంది: తమ్ముడితో పొలం తగాదా, భార్యను కొట్టిన రోజులు, దాచిన అప్పు. క్షమాపణ అడగాలనుకుంటే ఆ మనిషిని పిలిపించండి. బలవంతం మాత్రం వద్దు.

3. "మారుమనస్సు పొందకపోతే ఇంతే" అని మంచం మీద ఉన్నవారిని బెదిరించకండి. రోగి ఏ విశ్వాసానికి చెందినవారైనా, వారు అడగకుండా బోధించకండి.

4. "నీకేమీ కాదు" అని అబద్ధం కూడా చెప్పకండి. తీర్పు ఉన్నదని, తీర్పరి చేతుల్లో మేకుల గాయాలున్నాయని చెప్పండి.

5. భయం రోజుల తరబడి ఉంటే, నిద్ర, తిండి మానేస్తే, స్వరాలు వినిపిస్తున్నాయంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పాస్టరుగారికి, డాక్టరుకు ఇద్దరికీ చెప్పడం అవిశ్వాసం కాదు.

ప్రియులారా, ఈ వారం మీ వీధిలో మంచానపడిన వారు ఒక్కరైనా ఉంటారు. నరకం గురించి ప్రభువు చెప్పిన మాటను మనం నిజంగా నమ్మితే, మొదట చేయవలసిన పని వెళ్లి వారి పక్కన కూర్చోవడమే. బాధలో ఉన్న ప్రతివారికి ప్రభువు తన సమాధానము దయచేయును గాక. ఆమేన్.