రోడ్డు మలుపును విశాలము చేసినచో ప్రమాదము తగ్గునా?

పంట చేతికి వచ్చు దినములలో చిలకలూరిపేట, ఒంగోలు దిక్కులనుండి గుంటూరు మిరప యార్డుకు టిక్కీల లారీలు బారులు తీరును. ప్రత్తి బోరెములను ఎత్తుగా పేర్చిన బండ్లును అదే దారిని పట్టును. చేల గట్లను, చెరువులను తప్పించుకొనుచు ఏర్పడిన పాత పల్లెదారులకు మలుపులు మెండు. అట్టి మలుపులో బండి ఏల తిరుగబడును? మలుపును విశాలము చేసినచో ఆ ముప్పు తప్పునా?

త్రాటికి రాయి కట్టి గిరగిర త్రిప్పుచు త్రాటిని వదలినచో రాయి తిన్నగా పోవును. బండి స్వభావమును అట్టిదే. దానిని మలుపు లోపలికి లాగు బలమును అభికేంద్ర బలమందురు. రోడ్డుకును చక్రములకును నడుమ గల ఘర్షణ ఈ బలము నిచ్చును. దానికి తోడుగా రోడ్డు వెలుపలి అంచును ఎత్తుగా కట్టుదురు. మైదానములలో ఈ వాలు నూటికి 7 పాళ్లకు మించరాదని 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు నియమము.

కావలసిన బలము వేగవర్గమును బట్టి పెరుగును. వ్యాసార్ధము పెరిగినకొలది తగ్గును. గంటకు 50 కి.మీ. వేగమునకు 90 మీటర్లు, 80కి 230, 100కి 360 మీటర్ల వ్యాసార్ధము కనీసము ఉండవలెను. 90 మీటర్ల మలుపులోనికి 80 వేగముతో వచ్చిన బండికి రెండున్నర రెట్ల బలము కావలెను. తడిసిన రోడ్డు అంత బలము నీయజాలదు, బండి జారును. బరువు ఎత్తున నున్నచో గరిమనాభియు పైకి జరుగును. అప్పుడు చక్రము జారకమునుపే బండి తిరుగబడవచ్చును.

వ్యాసార్ధమును 90 నుండి 180 మీటర్లకు పెంచినచో, అదే వేగమునకు కావలసిన బలము సగమగును. 900 నుండి 990కి పెంచినచో కలుగు లాభము స్వల్పము. కావున మిక్కిలి ఇరుకైన మలుపులనే ముందు సవరింపవలెను.

అయితే ఒక చిక్కు కలదు. దారి సుగమమైనదని 50తో పోవువాడు 70తో పోయినచో, సగమైన బలము మరల మొదటికి వచ్చును. ఢీకొన్నచో వెలువడు శక్తి దాదాపు రెట్టింపగును. పైగా, అంతటను సవరించి ఒక్క ఇరుకు మలుపును మిగిల్చినచో, వేగమునకు అలవడిన డ్రైవరుకు అదియే గండము.

నల్లరేగడి మరియొక పరీక్ష. అది వానకు ఉబ్బును, ఎండకు బీటలు వారును. అందుచే పైనున్న రోడ్డు కుంగి, కట్టిన వాలు చెడును. కనుక మలుపును విశాలము చేయుటతో పని తీరదు. వరుస మలుపుల నడుమ పొంతన, ముందుగా హెచ్చరించు గుర్తులు, ఏటేట మరమ్మతు ఉండవలెను. వీటన్నిటికి మించి, రోడ్డు బాగుపడినను వేగమును అదుపులో నుంచువాడే క్షేమముగా ఇల్లు చేరును.