సర్వర్‌ మొరాయిస్తే.. ముందు లాగ్‌ చూడండి!

ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన ప్రాజెక్టు సర్వర్‌ మీద పెట్టగానే ఎందుకు ఆగిపోతుంది? జావా నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఎదురయ్యే ప్రశ్నే ఇది. కారణం వెతికే పద్ధతి తెలిస్తే ప్రాజెక్టు వైవాలోనే కాదు, ఉద్యోగ ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది.

బీటెక్‌ ఆఖరి సెమిస్టర్‌. ప్రాజెక్టు వైవా రోజు. హాస్టల్‌ మెస్‌ బిల్లులు లెక్కగట్టే వెబ్‌ అప్లికేషన్‌ చేశాం మా బ్యాచ్‌ నలుగురం. నా ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు నడిపినా ఇబ్బంది లేదు. దాన్నే ల్యాబ్‌ సిస్టమ్‌లోని టామ్‌క్యాట్‌లో పెట్టి చూపించమన్నారు. హోం పేజీ వచ్చింది. హమ్మయ్య అనుకుంటూ లాగిన్‌ బటన్‌ నొక్కాను. తెర మీద 404!

సర్వర్‌ ఆపి మళ్లీ స్టార్ట్‌ చేశాం. అదే 404. వార్‌ ఫైల్‌ తీసేసి మళ్లీ కాపీ చేశాం. మళ్లీ అదే. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన సార్‌ కాసేపు చూసి ఒక్కటే అడిగారు.. ‘లాగ్‌లో ఏముంది?’ నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. లాగ్‌ ఎక్కడుంటుందో కూడా మాకు తెలియదు. అనుకున్న మార్కులు రాలేదు. ఆ రోజు అసలేం జరిగిందో చివర్లో చెబుతా. ముందు, ఆ ప్రశ్నకు మేం ఏం చేసి ఉండాల్సిందో చూద్దాం.

మూడు ప్రశ్నలు

‘పని చేయట్లేదు’ అనేది సమస్య కాదు, ఫిర్యాదు. దాన్ని సమస్యగా మార్చాలంటే వరసగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, సర్వర్‌ అసలు స్టార్ట్‌ అయ్యిందా? రెండు, అయితే మన అప్లికేషన్‌ అందులో లోడ్‌ అయ్యిందా? మూడు, లోడ్‌ అయితే మనం పంపిన రిక్వెస్ట్‌ దాకా చేరిందా? ఏ ప్రశ్న దగ్గర ‘లేదు’ అని వస్తుందో అక్కడే వెతకాలి. మిగతాచోట్ల చేతులు పెట్టకూడదు.

జవాబులన్నీ టామ్‌క్యాట్‌ ఫోల్డర్‌లోని ‘లాగ్స్‌’ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ‘కాటలినా’ పేరుతో ఉండే ఫైల్‌లో సర్వర్‌ సంగతులు, ‘లోకల్‌హోస్ట్‌’ అని తేదీతో ఉండే ఫైల్‌లో అప్లికేషన్‌ లోపలి తప్పులు, యాక్సెస్‌ లాగ్‌లో వచ్చిన ప్రతి రిక్వెస్టూ నమోదవుతాయి. చాలామంది మొదటి ఫైల్‌ చూసి ఆగిపోతారు. అందులో ‘లిజనర్లు స్టార్ట్‌ కాలేదు, పూర్తి వివరాలు కంటైనర్‌ లాగ్‌ ఫైల్‌లో ఉన్నాయి’ అనే అర్థంతో ఒక లైను కనిపిస్తుంది. ఆ కంటైనర్‌ లాగ్‌ మరేదో కాదు, పక్కనే ఉన్న ‘లోకల్‌హోస్ట్‌’ ఫైలే.

ఎర్రర్‌ చాంతాడంత ఉందని కంగారు పడొద్దు. ‘కాజ్‌డ్‌ బై’ అనే మాటతో మొదలయ్యే లైన్లు వెతకండి. వాటిలో అన్నిటికంటే కింద ఉన్నదే సాధారణంగా అసలు కారణం.

సర్వర్‌ లేవకపోతే..

‘అడ్రస్‌ ఆల్రెడీ ఇన్‌ యూజ్‌’ అని కనిపిస్తే 8080 పోర్టును వేరే ప్రోగ్రామ్‌ పట్టుకుని ఉందని అర్థం. చాలాసార్లు అది మనం సరిగా ఆపని పాత టామ్‌క్యాటే. మన కాలేజీ ల్యాబుల్లో మరో అనుమానితుడూ ఉంటాడు. ఒరాకిల్‌ ఎక్స్‌ప్రెస్‌ ఎడిషన్‌ పాత వెర్షన్లయిన 10జీ, 11జీ కూడా మామూలుగా 8080నే వాడుకుంటాయి. విండోస్‌లో ‘నెట్‌స్టాట్‌’ కమాండ్‌తో ఎవరు పట్టుకున్నారో తెలుసుకుని దాన్ని ఆపండి. లేదంటే టామ్‌క్యాట్‌ ‘కాన్ఫ్‌’ ఫోల్డర్‌లోని సర్వర్‌ ఎక్స్‌ఎంఎల్‌ ఫైల్‌లో పోర్టు నంబర్‌ మార్చుకోండి.

విండో ఇలా తెరుచుకుని అలా మూసుకుపోతోందా? జావా హోమ్‌ వేరియబుల్‌ సరైన ఫోల్డర్‌ను చూపిస్తోందో లేదో చూడండి. వెర్షన్‌ కూడా ముఖ్యమే. టామ్‌క్యాట్‌ 9కి కనీసం జావా 8, 10.1కి జావా 11, టామ్‌క్యాట్‌ 11కి జావా 17 ఉండాలి.

అప్లికేషన్‌ లోడ్‌ కాకపోతే..

ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. మూడు కారణాలు తరచూ కనిపిస్తాయి.

జావా తేడా: ‘అన్‌సపోర్టెడ్‌ క్లాస్‌ వెర్షన్‌’ అని వస్తే కొత్త జావాతో కంపైల్‌ చేసిన కోడ్‌ను పాత జావా మీద నడుపుతున్నట్లు. ఎర్రర్‌లో ఒక నంబర్‌ ఉంటుంది. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. ఈ నాలుగూ గుర్తుంటే చాలు, తేడా ఎక్కడో చూడగానే చెప్పేయొచ్చు.

జార్‌ లేకపోవడం: డేటాబేస్‌ డ్రైవర్‌ క్లాస్‌ దొరకలేదని లాగ్‌ చెబుతుంది. ‘ఎక్లిప్స్‌లో యాడ్‌ చేశాను కదా’ అని మనం వాదిస్తాం. బిల్డ్‌ పాత్‌లో పెట్టినంత మాత్రాన అది వార్‌ ఫైల్‌లోకి వెళ్లిపోదు. వార్‌ ఫైల్‌ తెరిచి, వెబ్‌ ఇన్ఫ్‌ ఫోల్డర్‌ కింద ‘లిబ్‌’లో ఆ జార్‌ ఉందో లేదో కళ్లతో చూడండి.

డేటాబేస్‌ అందకపోవడం: కనెక్షన్‌ అడ్రస్‌లో ‘లోకల్‌హోస్ట్‌’ అని రాసేసి మర్చిపోతాం. మన ల్యాప్‌టాప్‌లో అంటే డేటాబేస్‌ అక్కడే ఉంది. సర్వర్‌కు మాత్రం లోకల్‌హోస్ట్‌ అంటే తానే. డేటాబేస్‌ వేరే మెషిన్‌లో ఉంటే దాని అడ్రస్‌ ఇవ్వాల్సిందే.

పేజీ రాకపోతే..

404, 500 రెండూ ఒకటి కాదు. 404 అంటే అడిగిన చిరునామాలో ఏమీ లేదని. 500 అంటే మన కోడ్‌ దాకా వెళ్లి అక్కడ ఏదో విరిగిందని. 500 వస్తే లాగ్‌లో ‘కాజ్‌డ్‌ బై’ వెతకాలి. 404 వస్తే ముందు అడ్రస్‌నే అనుమానించాలి. వార్‌ ఫైల్‌ పేరు ‘మెస్‌’ అయితే 8080 తర్వాత స్లాష్‌ పెట్టి ఆ పేరు రాయాలి. నేరుగా అడ్రస్‌కే రావాలంటే ఫైల్‌ పేరు పెద్ద అక్షరాల్లో ‘రూట్‌’ అని ఉండాలి.

లైనక్స్‌తో ఇంకో తిరకాసు ఉంది. విండోస్‌ ఫైల్‌ పేర్లలో ఇంగ్లిష్‌ పెద్ద ‘ఎల్‌’, చిన్న ‘ఎల్‌’ ఒకటే అనుకుంటుంది. లైనక్స్‌ ఒప్పుకోదు. ఇంట్లో విండోస్‌లో తెరుచుకున్న ఫొటోనో, పేజీయో సర్వర్‌ మీద మాయమైందంటే ఈ తేడా ఉందేమో చూడండి.

ఇంతకీ ఆ రోజు ఏమైందంటే..

మేం లాగ్‌ తెరిచి ఉంటే అందులో పెద్ద ఎర్రర్‌ ఏదీ కనిపించేది కాదు. కానీ టామ్‌క్యాట్‌ స్టార్ట్‌ అయిన ప్రతిసారీ మొదటి లైన్లలోనే తన వెర్షన్‌, జావా వెర్షన్‌ రాసుకుంటుంది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది టామ్‌క్యాట్‌ 9. ల్యాబ్‌లో వేసింది టామ్‌క్యాట్‌ 10.

ఆ ఒక్క అంకె తేడా చిన్నదేం కాదు. జావా ఈఈ కాస్తా జకార్తా ఈఈగా మారాక ప్యాకేజీల పేర్లూ మారాయి. ‘జావాఎక్స్‌ సర్వ్‌లెట్‌’ అన్నది టామ్‌క్యాట్‌ 10 నుంచి ‘జకార్తా సర్వ్‌లెట్‌’ అయింది. మా కోడ్‌లో పాత పేరుతో రాసిన యానొటేషన్లను ల్యాబ్‌లోని సర్వర్‌ పట్టించుకోలేదు. హోం పేజీ మామూలు హెచ్‌టీఎంఎల్‌ కాబట్టి వచ్చింది. లాగిన్‌ వెనక ఉన్న సర్వ్‌లెట్‌ మాత్రం సర్వర్‌ లెక్కలో లేనే లేదు. అందుకే 404. టామ్‌క్యాట్‌ 9 వేసుకున్నా సరిపోయేది, ఇంపోర్ట్‌ లైన్లు మార్చి మళ్లీ కంపైల్‌ చేసుకున్నా సరిపోయేది. మేం మాత్రం రీస్టార్ట్‌ల మీద రీస్టార్ట్‌లు చేశాం. వెర్షన్‌ తేడాను రీస్టార్ట్‌ బాగుచేయదు.

ఇంటర్వ్యూలో ఎలా?

‘లోకల్‌లో నడుస్తోంది, సర్వర్‌లో నడవట్లేదు. ఏం చేస్తావ్‌?’ అనే ప్రశ్న అప్లికేషన్‌ సపోర్ట్‌, డెవలపర్‌, డెవాప్స్‌.. ఏ ఉద్యోగానికైనా రావచ్చు. ‘రీస్టార్ట్‌ చేస్తాను సార్‌’ అనకండి. అడిగేవాళ్లు చూసేది జవాబు కన్నా మీరు వెతికే వరసను. ‘ముందు సర్వర్‌ లేచిందా, అప్లికేషన్‌ లోడ్‌ అయిందా అని లాగ్‌లో చూస్తాను. రెండుచోట్లా వెర్షన్లు పోలుస్తాను. చివరగా ఏం మారిందో కనుక్కుంటాను. ఒకసారికి ఒక్క మార్పే చేస్తాను’ అని చెప్పండి. ఒకేసారి నాలుగు మార్చితే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

ఇంకో మాట. ఉద్యోగంలో చేరాక లైవ్‌ సర్వర్‌ ఆగిపోతే కంగారులో లాగ్‌లు డిలీట్‌ చేయొద్దు. కాపీ తీసి పెట్టుకున్నాకే మిగతా పని. పోయిన ఆధారం మళ్లీ రాదు.

ఈ ఆదివారం ఇది చేయండి

టామ్‌క్యాట్‌ ఉచితం. డౌన్‌లోడ్‌ చేసుకుని చిన్న లాగిన్‌ పేజీ పెట్టండి. నడిచాక మీరే చెడగొట్టండి. ఒకే పోర్టు మీద రెండు టామ్‌క్యాట్‌లు నడపండి. డ్రైవర్‌ జార్‌ తీసేయండి. డేటాబేస్‌ పాస్‌వర్డ్‌ తప్పుగా ఇవ్వండి. టామ్‌క్యాట్‌ 9లో నడిచిందాన్ని 10లో పెట్టండి. ప్రతిసారీ లాగ్‌లో ఏం వచ్చిందో, ఎలా సరిచేశారో నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాసుకోండి. పది తప్పులు అయ్యేసరికి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పది సొంత అనుభవాలు ఉంటాయి.

ఈసారి ఎవరైనా ‘లాగ్‌లో ఏముంది?’ అని అడిగితే మాలా మొహాలు చూసుకోవాల్సిన పని మీకు ఉండదు.