కోసి చూస్తేనే కాయ సంగతి

పశువుల డాక్టరు గారి నోటనో, మెడిసిన్ చదివే మీ ఊరి పిల్లల నోటనో 'అనాటమీ' అనే మాట వినే ఉంటారు. తెలుగులో శరీర నిర్మాణ శాస్త్రం అంటున్నాం. మన పేరులో కట్టడం ఉంది. అసలు గ్రీకు మాటలో ఉన్నది కోత. 'అనా' అంటే పూర్తిగా, 'టొమె' అంటే కోయడం. లోపలి సంగతి తెలియాలంటే కోసి చూడక తప్పదని ఆ పేరు వచ్చింది. ఇంగ్లీషులో ఒకప్పుడు ఎముకల గూడును కూడా అనాటమీ అనేవాళ్లు.

ఈ కోతకు చుట్టాలున్నాయి. 'ఆటమ్' అంటే కోయడానికి వీల్లేనిది, మనం పరమాణువు అంటున్నాం. పురుగుల శాస్త్రం 'ఎంటమాలజీ'. పురుగు ఒంటిమీద కత్తితో గాట్లు పెట్టినట్లుంటుంది గనుక గ్రీకులు దానికి ఆ పేరు పెట్టారు.

పత్తి రైతుకు ఈ కోత మాటలన్నీ ఒక్క కాయలోనే ఎదురవుతాయి. జగ్గయ్యపేట, నందిగామ మెట్టచేలు 2022లో కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి గానీ గులాబీ రంగు పురుగు మాత్రం చేలను వదల్లేదు. 2002లో బీటీ విత్తనం, 2006లో రెండు జన్యువుల బీటీ వచ్చాయి. ఆ రెండింటినీ ఈ పురుగు తట్టుకుంటోంది. పిల్లపురుగు లేత కాయలోకి దూరాక రంధ్రం పూడిపోతుంది. పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల గింజ పోతుంటుంది. పగిలేదాకా ఆగితే రంగు మారిన పత్తే చేతికొస్తుంది, తూకమూ రేటూ రెండూ పడతాయి.

అందుకని కాయ కట్టినప్పటి నుంచి వారానికోసారి ఎకరాకు 20 పచ్చికాయలు, చెట్టుకొకటి చొప్పున కోయండి. గట్టు పక్క చెట్లతో సరిపెట్టకుండా చేను నడిమికీ వెళ్లండి. రెండు మూడు వారాల వయసు కాయలైతే మంచిది. నిలువునా చీల్చి తొక్క లోపలివైపు బుడిపెలు, గింజ దగ్గర రెట్ట, పురుగు ఉన్నాయేమో చూడండి. పిల్లపురుగు మొదట తెల్లగానే ఉంటుంది, పేరు చూసి గులాబీ రంగు కోసం వెతికితే మోసపోతారు.

ఇరవైలో రెండింట బతికున్న పురుగు కనబడితే మందు కొట్టాల్సిందే. ఏ మందో గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మండల వ్యవసాయాధికారినో అడగండి, మందుల కొట్లో చేతికిచ్చింది కాదు. ఒక్కదాంట్లోనూ లేకపోతే ఆ వారం మందు డబ్బు మీ జేబులోనే ఉంటుంది. పురుగున్న కాయల్ని మాత్రం చేలో పారేయకండి, ఏరి తగలబెట్టండి.