తెలుగు అక్షరానికి అద్దె ఇల్లు: సత్యం ఇన్ఫోవే నుంచి సిఫీ వరకు

వ్యాససంగ్రహం:

అంతర్జాలంలో మనం చదివే ప్రతి తెలుగు రచనా ఎక్కడో ఒక భవనంలోని సర్వర్‌లో భౌతికంగా నిలిచి ఉంటుంది. అందువల్ల అలాంటి భవనాలను నడిపే సంస్థల చరిత్ర సాహిత్య పరిశోధకులకూ అవసరమే. హైదరాబాదు సంస్థ సత్యం కంప్యూటర్స్ 1995లో నెలకొల్పిన సత్యం ఇన్ఫోవే పరిణామాన్ని వివరించి, దాని ఆధారంగా తెలుగు ఎలక్ట్రానిక్ రచనల భద్రతను గురించి చర్చించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: డేటా సెంటర్, హోస్టింగ్, సత్యం ఇన్ఫోవే, సిఫీ, తెలుగు ఎలక్ట్రానిక్ రచనలు, భద్రత.

1. ఉపోద్ఘాతం:

బుద్వేల్ దాటి శంషాబాదు వైపు సాగితే, 2008లో ప్రారంభమైన విమానాశ్రయం ఈ ప్రాంత స్వరూపాన్ని ఎంతగా మార్చిందో తెలుస్తుంది. ఆ మార్పులో తర్వాతి దశ డేటా సెంటర్లది. షాబాద్ మండలంలోని చందనవెల్లి, కందుకూరు మండలంలోని మీర్‌ఖాన్‌పేట గ్రామాలను అమెజాన్ వెబ్ సర్వీసెస్ తన కేంద్రాలకు ఎంచుకొంది. 2022 నవంబరులో ఆ సంస్థ హైదరాబాదు సేవలను ప్రారంభించింది. అయితే తెలుగువారికి ఈ రంగంతో ఉన్న సంబంధం అంతకు పాతికేళ్లకు పైగా ముందే మొదలైంది.

హోస్టింగ్ అంటే ఇతరుల సమాచారాన్ని తన సర్వర్లలో ఉంచి, అడిగినవారికి నిరంతరం అందించే సేవ. దీన్ని ఇల్లు అద్దెకివ్వడంతో పోల్చవచ్చు. రచన మనది, ఇల్లు మరొకరిది.

2. ఆవిర్భావం:

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు అంతర్జాల సేవను ప్రారంభించింది. అదే సంవత్సరం డిసెంబరులో, బి. రామలింగరాజు 1987లో స్థాపించిన సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా సత్యం ఇన్ఫోవే ఏర్పడింది. దీని ప్రధాన కార్యాలయం చెన్నైలో ఉండేది. 1998లో ప్రభుత్వం ప్రైవేటు సంస్థలకు అనుమతినివ్వగా, ఈ సంస్థ ‘సత్యం ఆన్‌లైన్’ పేరుతో ఇంటింటికీ అంతర్జాలాన్ని అందించసాగింది. 1999 అక్టోబరులో అమెరికాలోని నాస్‌డాక్‌లో నమోదై, ఆ ఘనత పొందిన తొలి భారతీయ అంతర్జాల సంస్థగా నిలిచింది. మరుసటి నెలలోనే ‘ఇండియా వరల్డ్’ పోర్టళ్లను 499 కోట్ల రూపాయలకు కొనడానికి ఒప్పందం చేసుకొంది.

3. పోర్టల్ నుంచి డేటా సెంటర్‌కు:

2000లో ప్రపంచవ్యాప్తంగా అంతర్జాల సంస్థల షేర్లు కుప్పకూలాయి. అదే సంవత్సరం ఈ సంస్థ ముంబయి సమీపంలోని వాశిలో డేటా సెంటర్‌ను నెలకొల్పింది. ఒక విద్యుత్ మార్గం ఆగితే మరొకటి, దానికి తోడు బ్యాటరీలు, డీజిల్ జనరేటర్లు, ఎడతెగని శీతలీకరణ, ఒకటికి మించిన కేబుల్ మార్గాలు డేటా సెంటర్‌కు ప్రాణాధారాలు. వీటిని ప్రతి సంస్థా సొంతంగా సమకూర్చుకోలేదు. కాబట్టి పోర్టళ్ల వెలుగు తగ్గినా ఈ అవసరం తగ్గలేదు. టెలిఫోను ద్వారా అందే అంతర్జాలం, ‘ఐ-వే’ సైబర్ కేఫ్‌లు క్రమంగా కనుమరుగయ్యాయి. నెట్‌వర్క్, డేటా సెంటర్ సేవలే సంస్థకు ఆధారమయ్యాయి.

4. యాజమాన్యంలో మార్పు:

2003లో సంస్థ పేరు ‘సిఫీ’గా మారింది. 2005లో సత్యం కంప్యూటర్స్ తన వాటాను రాజు వేగేశ్నకు చెందిన ఇన్ఫినిటీ క్యాపిటల్ వెంచర్స్‌కు విక్రయించింది. 2007లో సంస్థ ‘సిఫీ టెక్నాలజీస్’ అయింది. 2009 జనవరి 7న సత్యం లెక్కల కుంభకోణం బయటపడేనాటికి ఈ సంస్థ మాతృసంస్థ నుంచి విడిపోయి మూడేళ్లు దాటింది. 2025 అక్టోబరులో విశాఖపట్నంలో సిఫీ డేటా సెంటర్‌కు, సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డుకు చేరే కేంద్రానికి శంకుస్థాపన జరిగింది.

5. తెలుగు పరిశోధనకు అన్వయం:

పై చరిత్రలో పేరు మారింది, యజమాని మారాడు, వ్యాపారం మారింది. భవనాలు, కేబుళ్లు నిలిచాయి. కానీ భవనం నిలిచినంత మాత్రాన అందులోని రచన నిలవదు. అద్దె చెల్లింపు ఆగినా, డొమైన్ పేరును పునరుద్ధరించకపోయినా రచన అదృశ్యమవుతుంది. యాహూ సంస్థ 2009 అక్టోబరులో జియోసిటీస్‌ను మూసివేసినప్పుడు వ్యక్తులు అందులో నిర్మించుకొన్న అసంఖ్యాకమైన పేజీలు ఇలాగే తొలగిపోయాయి. సిద్ధాంతగ్రంథంలో చూపిన లంకెలు మౌఖిక పరీక్షనాటికి తెరుచుకోకపోవడం మనలో చాలామందికి అనుభవమే.

తెలుగుకు మరో చిక్కు ఉంది. యూనికోడ్ 1991లోనే తెలుగుకు స్థానం కల్పించినా, తొలినాటి తెలుగు సైట్లు చాలావరకు సొంత ఫాంట్లపై ఆధారపడ్డాయి. అలాంటి ఫైలు భద్రంగా ఉన్నా, తగిన ఫాంట్ లేకపోతే తెరపై అర్థంలేని గుర్తులే మిగులుతాయి. తాళపత్రం దొరికినా లిపి చదవగలవారు లేని స్థితి వంటిదే ఇది.

6. ముగింపు:

• హోస్టింగ్ సంస్థ సమాచారాన్ని అందుబాటులో ఉంచుతుంది. దాన్ని శాశ్వతంగా భద్రపరచే బాధ్యత గ్రంథాలయాలది, విశ్వవిద్యాలయాలది, పత్రికా నిర్వాహకులది.

• ఉదహరించిన ప్రతి అంతర్జాల రచనకూ చూసిన తేదీని నమోదు చేసి, ప్రతిని దాచుకోవాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ఆ పేజీని భద్రపరచడం మేలు.

• పాత ఫాంట్లలోని రచనలను, వాటిని చదవగల సాధనాలు లభిస్తున్నప్పుడే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

• ఈ-పత్రికలు తమ సంచికలను కనీసం రెండు వేర్వేరు సంస్థల వద్ద నిల్వచేయాలి.

డేటా సెంటర్లు మన ఊళ్ల పొలిమేరల్లోకి వచ్చినంత మాత్రాన మన రచనలు మన అధీనంలోకి వచ్చినట్లు కాదు. ముద్రిత గ్రంథాన్ని అనేక గ్రంథాలయాల్లోని ప్రతులు కాపాడినట్లే, ఎలక్ట్రానిక్ రచనను కూడా అనేకచోట్ల ఉన్న ప్రతులే కాపాడగలవు.