ఓడ రాని వారం

మూడేళ్ళ క్రితం మా తొమ్మిదో తరగతిలో ఒక కొత్త అమ్మాయి చేరింది. అండమాన్ నుంచి వచ్చింది. వాళ్ళ తాతగారిది శ్రీకాకుళం జిల్లా. బతుకుతెరువు కోసం ఓడెక్కి వెళ్ళి అక్కడే ఉండిపోయారట. ఆ అమ్మాయి పంజాగుట్టలో పిన్నిగారింట్లో ఉండి, బంజారా హిల్స్‌లోని మా బడికి వచ్చేది.

ఒకరోజు ఘర్షణ పాఠం చెబుతున్నాను. నేలమీద బండి లాగడం కంటే నీటిమీద పడవ లాగడం తేలిక, అందుకే సరకు రవాణాలో అన్నిటికంటే చవకైనది ఓడ, తరవాత రైలు, తరవాత లారీ అన్నాను. పుస్తకంలో ఉన్న మాటే. ఆ అమ్మాయి లేచి నిలబడింది.

“సార్, మా ఊరికి అన్నీ ఓడలోనే వస్తాయి. మరి అమీర్‌పేట మార్కెట్లో కంటే మా ఊళ్ళోనే ఉల్లిపాయలు ప్రియం. ఓడ రాని వారమైతే ఇంకా ప్రియం. ఎందుకని?”

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే జవాబు తోచలేదు. రేపు చెబుతానన్నాను. ఆ రేపు రావడానికి నెల పట్టింది. ఆ నెలలో నేను నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను. పక్కన అట్లాసు పెట్టుకుని చదవండి.

బంగాళాఖాతానికి తూర్పు అంచున, పైనుంచి కిందికి జారవిడిచిన పూసల్లాంటి చుక్కలు కనబడతాయి. అవే అండమాన్, నికోబార్ దీవులు. చిన్నా పెద్దా కలిపి 836 అని లెక్క. మనుషులు ఉండేవి 31 మాత్రమే. ఆ పూసల వరస పొడవు 700 కిలోమీటర్లకు పైనే. విశాఖపట్నం నుంచి పోర్టు బ్లెయిరుకు సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు, ఓడలో రెండు రోజులకు పైగా ప్రయాణం. ఈ ఊరికి 2024లో శ్రీ విజయ పురం అని పేరు మార్చారు గాని, మా అమ్మాయి నోట పాత పేరే వస్తుంది.

అక్కడికి తెలుగువాళ్ళు వెళ్ళడం కొత్తేమీ కాదు. 1858లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ ఖైదీల వలస పెట్టారు. 1922–24 మన్యం తిరుగుబాటులో పట్టుబడ్డవారిలో కొందరిని అక్కడికే పంపారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950లలో, ఆంధ్ర తీరంనుంచి జాలరి కుటుంబాలను తీసుకువెళ్ళి స్థిరపరిచారు. 2011 జనగణన ప్రకారం అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు.

ఇక ఉల్లిపాయ సంగతి. ఓడ చవక అన్న మాట నిజమే గాని, ఏ ఓడ? ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఒక ఓడ పొడవు, వెడల్పు, లోతు మూడింటినీ రెట్టింపు చేశామనుకోండి. లోపల పట్టే సరకు రెండు రెట్లు కాదు, 2×2×2, అంటే ఎనిమిది రెట్లవుతుంది. నీటికి రాసుకునే ఓడ ఒంటి వైశాల్యం మాత్రం 2×2, నాలుగు రెట్లే. ఘర్షణ పుట్టేది ఆ ఒంటిమీదే కాబట్టి, టన్నుకు పడే ఘర్షణ సగమైపోతుంది. ఓడ ఎంత పెద్దదైతే టన్ను రవాణా అంత చవక. అందుకే నేటి కంటైనర్ ఓడలు ఊళ్ళంత పెరిగిపోయాయి. ఇరవై అడుగుల ఇనప పెట్టెలు 24,000 దాకా మోసేవి ఉన్నాయి. మన చేతికి చైనా బొమ్మ, కొరియా ఫోను చవకగా అందుతున్నాయంటే ఈ ఘనాల లెక్కకూ అందులో వాటా ఉంది.

నాలుగు లక్షల మంది ఉన్న దీవులకు అలాంటి ఓడ ఎందుకు వస్తుంది? వచ్చినా నింపేదేముంది? వచ్చేవి చిన్న ఓడలు, అదీ రోజూ కాదు. పోర్టు బ్లెయిరులో దింపిన సరకును ఇంకా చిన్న ఓడల్లోకి ఎక్కించి రంగత్, హట్ బే, కార్ నికోబార్, కాంప్‌బెల్ బే చేర్చాలి. వానాకాలంలో సముద్రం పొంగితే ఆ చిన్న ఓడ ఆగిపోతుంది.

ఇంకో సంగతి మా వీధి చివర ఆగిన లారీ డ్రైవరు చెప్పేదాకా నాకు తట్టలేదు. కర్నూలు నుంచి ఉల్లి దింపిన లారీ ఖాళీగా తిరిగిపోదు. సిమెంటో, బియ్యమో, ఏదో ఒకటి ఎత్తుకుని పోతుంది. కాబట్టి ఉల్లిపాయ ఒక వైపు కిరాయి కడితే చాలు. దీవికి వెళ్ళిన ఓడ తిరుగు ప్రయాణంలో ఏం తేగలదు? ఒకప్పుడు కలప తెచ్చేది. 1883లో చాథం దీవిలో పెట్టిన రంపపు మిల్లు ఆసియాలో పాతవాటిలో ఒకటి. అక్కడ కోసిన పడాక్ కలప దేశదేశాలకు వెళ్ళింది. ప్లైవుడ్డు, అగ్గిపుల్లల కలప కూడా అక్కడినుంచే వచ్చేవి. అడవి తరిగిపోతోందని 2002 మేలో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను గట్టిగా కట్టడి చేసింది. మంచి పనే. ఆ అడవిలో జరవాలు, ఒంగీలు ఉన్నారు, ప్రపంచంలో మరెక్కడా లేని పక్షులు ఉన్నాయి. అయితే కలప ఆగితే ఓడ ఖాళీ అయింది, ప్లైవుడ్డు మిల్లుల కూలీల చేతులూ ఖాళీ అయ్యాయి. ఓడ రెండు వైపుల ఖర్చూ ఇప్పుడు వెళ్ళేటప్పటి సరకుమీదే పడుతుంది. మా అమ్మాయి ప్రశ్నకు మొదటి సగం జవాబు ఇది.

కరెంటు చూద్దాం. మన ఇంట్లో స్విచ్చి వేస్తే రామగుండంలోనో, శ్రీశైలంలోనో పుట్టిన విద్యుత్తు వస్తుంది. సముద్రం మధ్య దీవికి అలాంటి తీగ లేదు. ఉత్తర అండమాన్‌లో కల్పాంగ్ అనే చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది, శక్తి 5.25 మెగావాట్లు. కొంత సౌరవిద్యుత్తు కూడా ఉంది. తక్కినదంతా చాలావరకు డీజిల్ ఇంజన్లే. లీటరు డీజిల్ మండితే సుమారు 10 యూనిట్ల ఉష్ణశక్తి వస్తుంది. ఇంజను దానిలో మూడోవంతుకు కాస్త ఎక్కువను, అంటే మూడున్నర నుంచి నాలుగు యూనిట్లను, విద్యుత్తుగా మారుస్తుంది. తక్కినది వేడిగా పోతుంది. లీటరు 80 రూపాయలనుకుంటే యూనిట్‌కు నూనె ఖర్చే 20 రూపాయలు దాటుతుంది. వాడుకునేవాళ్ళు కట్టేది అందులో చిన్న భాగం. మిగిలినది కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. ఓడ టికెట్టూ అంతే, దీవివాసులకు రాయితీ ధర.

ఇక్కడే రెండో చిక్కు. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో నిర్ణయం కూడా అక్కడినుంచే వస్తుంది. అండమాన్ నికోబార్‌కు శాసనసభ లేదు. కేంద్రం తరఫున లెఫ్టినెంట్ గవర్నరు పాలిస్తారు. పంచాయతీలు, ఒక పురపాలక మండలి, నికోబార్‌లో గిరిజన మండళ్ళు ఉన్నాయి గాని, చట్టం చేసే అధికారం వాటికి లేదు. లోక్‌సభకు ఒకే సభ్యుడు. ఆయన్నయినా జనం ఎన్నుకోవడం 1967లో మొదలైంది. అంతకుముందు రాష్ట్రపతే నియమించేవారు.

అంత తక్కువమందికి ఇంకేం కావాలి అంటారా? అదీ ఆలోచించవలసిందే. 2011లో ఆ దీవుల జనాభా 3,80,000. మన పక్కనే ఉన్న జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గంలో ఓటర్లే సుమారు 4 లక్షలు. కాని జూబ్లీహిల్స్‌లో ఏ మూలనుంచైనా గంటలో ఎమ్మెల్యే ఇంటికి వెళ్ళవచ్చు. కాంప్‌బెల్ బే మనిషి ఒక కాగితంమీద సంతకానికి పోర్టు బ్లెయిరు రావాలంటే ఓడలో 500 కిలోమీటర్లకు పైగా రావాలి. తలలు లెక్కపెడితే అసెంబ్లీ అక్కరలేదు, దూరం లెక్కపెడితే కావాలి. ఏ లెక్క సరైనదో పెద్దవాళ్ళే ఇంకా తేల్చుకోలేదు.

మారిషస్ పేరు విన్నారు కదా? చెరకు తోటల పనికి మన తెలుగువాళ్ళు 19వ శతాబ్దంలోనే వెళ్ళిన దేశం. 1968లో స్వతంత్రమయింది. దాని పంచదారకు ఐరోపా దేశాలు ఏళ్ళ తరబడి మంచి ధర హామీ ఇచ్చాయి. ప్రపంచ వ్యాపార నియమాలు మారడంతో 2006 నుంచి నాలుగేళ్ళలో ఆ ధరను 36 శాతం తగ్గించేశారు. దెబ్బ తగిలింది గాని, మారిషస్‌కు సొంత ప్రభుత్వం ఉంది. బేరసారాలకు సొంత మనుషులు కూర్చున్నారు. ఆ మారిషస్‌కే తూర్పున సుమారు 600 కిలోమీటర్ల దూరంలో రోడ్రిగ్స్ అనే బుల్లి దీవి ఉంది. జనం 40 వేల పైచిలుకు. దానికి 2002లో సొంత ప్రాంతీయ సభ ఏర్పడింది. అండమాన్ జనాభాలో ఎనిమిదో వంతో, తొమ్మిదో వంతో!

ప్రపంచమంతా ఒకే సంత అయితే దీవికి లాభం కలగాలి కదా, ఎవరికైనా అమ్ముకోవచ్చు కదా అనిపిస్తుంది. నికోబార్ దీవులవాళ్ళ బతుకు కొబ్బరి. డబ్బు వాడకం రాకముందే వచ్చే పోయే ఓడలకు కొబ్బరికాయలిచ్చి గుడ్డ, ఇనుము తీసుకునేవారు. వాళ్ళకు ఎదురుగానే ఇండోనేషియా సుమత్రా ఉంది. అక్కడ పండేది ఆయిల్ పామ్. హెక్టారుకు ఆ చెట్లు మూడు, నాలుగు టన్నుల నూనె ఇస్తే కొబ్బరి ఒక టన్ను ఇవ్వడం కష్టం. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పామాయిల్ కొనే దేశం మనదే. సుమత్రానుంచి మన దేశానికి వచ్చే ఆ నూనె నికోబార్‌ను దాటుకునే వస్తుంది!

మరి చేప? ఒక లెక్క చేయండి. తీరదేశానికి ఒడ్డునుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా, సముద్ర సంపదపై హక్కుంటుంది. మనుషులు బతకగల ఒంటరి దీవి ఒకటి ఉంటే దాని చుట్టూ గీసిన వలయం వైశాల్యం 3.14×370×370, సుమారు 4,30,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపినా 2,75,000 మాత్రమే. అండమాన్ నికోబార్ నేల 8,249 చదరపు కిలోమీటర్లే గాని, వాటివల్ల మన దేశానికి దక్కిన సముద్రం దాదాపు ఆరు లక్షలు. దేశం మొత్తం సముద్ర మండలంలో ఇది మూడోవంతుకు కొంచెం తక్కువ. అందులో ట్యూనా చేప పుష్కలం. పట్టగలిగిన దానిలో సగం కూడా పట్టడం లేదు.

కారణం రసాయనశాస్త్రంలో ఉంది. ట్యూనా కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప చచ్చాక వెంటనే చల్లబరచకపోతే సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి. తింటే ఒళ్ళు ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. ఎంత ఉడికించినా పోదు. అందుకని పట్టిన క్షణంనుంచి తినేవాడి పళ్ళెం దాకా చల్లదనం తెగకూడదు. ఐసుకు కరెంటు కావాలి, కరెంటుకు డీజిల్ కావాలి, డీజిల్ ఓడలో రావాలి. మళ్ళీ మొదటికే వచ్చాం.

దూరం జయించిన సందర్భం ఒకటి ఉంది. 2020 ఆగస్టు 10న చెన్నైనుంచి దీవులకు వేసిన సముద్రగర్భ కేబులు ప్రారంభమయింది. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. అంతవరకు ఇంటర్నెట్ ఉపగ్రహం మీదుగానే. 36,000 కిలోమీటర్లు పైకి వెళ్ళి కిందికి దిగడానికి వెలుగు వేగంతోనైనా పావు సెకను పడుతుంది. గాజు తీగలో ఆ 2,300 కిలోమీటర్లకూ సెకనులో ఎనభయ్యో వంతు చాలదూ! మా అమ్మాయి అన్నయ్య అమీర్‌పేట కోచింగు పాఠాలు ఇప్పుడు ఇంట్లో కూర్చునే వింటున్నాడు. ఉల్లిపాయలు మాత్రం కేబులులో రావు.

ఇప్పుడు అట్లాసులో అన్నిటికంటే కింది పూసమీద వేలు పెట్టండి. గ్రేట్ నికోబార్. మలక్కా జలసంధి గుండా ఏటా సుమారు 90 వేల ఓడలు నడుస్తాయి. వాటిలో పడమటికి వెళ్ళేవి చాలావరకు ఈ దీవి కొసకు దగ్గరగానే పోతాయి. 24,000 పెట్టెల ఓడలూ వాటిలో ఉన్నాయి. ఒక్కటీ ఆగదు. మన దేశపు కంటైనర్లలో పెద్ద భాగం కొలంబోలోనో, సింగపూరులోనో ఓడ మారుతుంది. ఆ పనేదో గలాథియా బేలో మన రేవులోనే జరిగితే ఆ ఆదాయం మనదవుతుంది, దేశ రక్షణకూ మేలు అని ప్రభుత్వం అంటుంది. రేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణం కలిపి 72 వేల కోట్ల రూపాయల పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చింది.

వాదనలో బలం లేకపోలేదు. అయితే ఆ పథకానికి 130 చదరపు కిలోమీటర్ల అడవి కావాలి. గలాథియా ఇసుకలో తోలుచిప్ప తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అడవిలో షోంపెన్‌లు ఉన్నారు, 2011 లెక్కలో 229 మంది. తీరంలో ఉండే నికోబారీలు 2004 డిసెంబరు 26 సునామీలో ఊళ్ళు పోగొట్టుకుని కాంప్‌బెల్ బే దగ్గర పునరావాసాల్లో ఉంటున్నారు. తిరిగి పాత ఊళ్ళకు పంపమని అడుగుతున్నారు. పథకానికి ముందు ఒప్పుకున్న వారి గిరిజన మండలి అదే 2022 నవంబరులో ఆ అంగీకారాన్ని వెనక్కి తీసుకుంది.

నేల సంగతీ ఉంది. ప్లాస్టిక్ స్కేలును బల్ల అంచున వంచి వదిలితే ఎగిసిపడుతుంది కదా! భారత ఫలకం ఆ దీవుల కిందికి చొచ్చుకుపోతూ పైనున్న ఫలకాన్ని ఏళ్ళ తరబడి వంచుతూ ఉంటుంది. ఆ రోజు ఆ వంపు ఒక్కసారిగా విడిపోయింది. ఉత్తర అండమాన్ పడమటి తీరం మీటరుకు పైగా లేచి పగడపు దిబ్బలు గాలిలోకి తేలాయి. గ్రేట్ నికోబార్ కొస సుమారు నాలుగు మీటర్లు కుంగింది. ఇందిరా పాయింట్‌లో నేలమీద ఉండిన దీపస్తంభం చుట్టూ నీళ్ళు చేరాయి. రేవు కట్టేవాళ్ళు ఆ స్కేలును మరచిపోరనే అనుకుంటాను.

ఇదంతా నెల తరవాత తరగతిలో చెప్పాను. మా అమ్మాయి ఓపిగ్గా విని, మళ్ళీ లేచింది.

“ఆ రేవు కడితే పెద్ద ఓడలు వస్తాయి కదా సార్! అప్పుడు మా ఉల్లిపాయలు చవకవుతాయా?”

ఈసారి రేపు చెబుతాననలేదు. అక్కడ పెట్టె ఒక ఓడనుంచి దిగి ఇంకో ఓడ ఎక్కుతుంది, అంతే. దాని తాళం తీసేది ఇంకెక్కడో. ఆ ఓడల్లో ఒకటి దీవుల సరకు కూడా మోయాలని, రేవు ఆదాయంలో కొంత చిన్న ఓడలకు ఇవ్వాలని ముందే రాసుకుంటే చవకవుతాయి, లేకపోతే కావు, అన్నాను.

“ఎవరు రాస్తారు సార్?” అంది.

గంట కొట్టారు.